బొగ్గుగనుల పల్లె గాయకుడు – మెర్ల్ ట్రావిస్

కొన్ని విద్యలు పుస్తకాల్లో ఉంటాయి. కొన్ని విద్యలు మనుషుల చేతుల్లో ఉంటాయి. సారె మీద కుండ చేసే చేతిని, మగ్గం మీద నాడె ఆడించే చేతిని చూసి పిల్లలు ఆ పనులు నేర్చుకొంటారు. పెద్దవాళ్లు పాడే జోలపాటలు, దంపుళ్ల పాటలు విని ఇంట్లోవాళ్లు పాడుకొంటారు. ఇలాంటి విద్యలకు రాతప్రతులు ఉండవు. ఒక తరంవారు శ్రద్ధగా నేర్చుకోకపోతే అవి ఆ తరంతోనే ఆగిపోతాయి. అమెరికాలోని బొగ్గుగనుల పల్లెల్లో, కూలిజనం నడుమ రూపుదిద్దుకొన్న ఒక గిటారు వాద్యరీతి అలా ఆగిపోకుండా ప్రపంచమంతటికీ అందింది. దానిని అందించినవారిలో ముఖ్యుడు మెర్ల్ ట్రావిస్.

మెర్ల్ రాబర్ట్ ట్రావిస్ 1917 నవంబరు 29న కెంటకీ రాష్ట్రంలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో, రోజ్‌వుడ్ అనే చిన్న ఊళ్లో జన్మించాడు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. తండ్రి మొదట పొగాకు సాగు చేసేవాడు. సేద్యంతో ఇల్లు గడవక బొగ్గుగనిలో పనికి చేరాడు. కుటుంబం ఎబనీజర్ అనే పల్లెకు మారింది. అక్కడ ఏ ఇంట చూసినా గనిలో పనిచేసేవారే. తెల్లవారకముందే నేల లోపలికి దిగి, పొద్దుగూకిన తరువాత పైకి వచ్చే ఆ కార్మికులకు చలికాలంలో సూర్యుణ్ణి చూసే భాగ్యం కూడా తక్కువే.

ఆనాటి గనికార్మికుల బ్రతుకు ఎలాంటిదో తెలిస్తేనే ట్రావిస్ పాటలు మనకు అర్థమవుతాయి. తవ్విన బొగ్గు తూకాన్ని బట్టి కూలి లెక్కకట్టేవారు. పైకప్పు కూలితే, విషవాయువు అంటుకొంటే ప్రాణాలకే ముప్పు. చాలా గనిప్రాంతాల్లో ఇల్లు కంపెనీది, దుకాణం కూడా కంపెనీదే. కూలిని డబ్బుగా కాక, కంపెనీ ముద్రించిన బిళ్లల రూపంలో ఇచ్చేవారు. ఆ బిళ్లలు కంపెనీ దుకాణంలో తప్ప మరొకచోట చెల్లేవి కావు. అక్కడ సరుకుల ధరలు ఎక్కువ. కూలి చేతికి రాకముందే పిండికీ, ఉప్పుకూ, పిల్లల చెప్పులకూ ఖాతాలో అప్పు ఎక్కి ఉండేది. ఎంత కష్టపడినా అప్పు తీరదు; అప్పు తీరనిదే ఊరు విడిచి వెళ్లడానికి వీలుండదు. మెర్ల్ తన తండ్రి, అన్నల నోట ఈ మాటలు వింటూ పెరిగాడు.

ఆ పల్లెల్లో సంగీతానికి మాత్రం కొరత లేదు. మెర్ల్ తండ్రి అయిదు తీగల బాంజో వాయించేవాడు. మెర్ల్ మొదట పట్టుకొన్న వాద్యం అదే. అతనికి పన్నెండేళ్ల వయసులో అన్న తన చేతులతో తయారుచేసిన గిటారును అతనికి ఇచ్చాడు. బాంజో మీద అలవాటైన వేళ్లు ఇప్పుడు గిటారు తీగల మీద కదలడం మొదలుపెట్టాయి.

సరిగ్గా ఆ వయసులోనే అతనికి ఇరుగుపొరుగున మంచి గురువులు దొరికారు. వారిలో ఒకరు మోజ్ రేగర్. ఆయన గనిలో పనిచేస్తూ, తీరిక వేళల్లో క్షురకవృత్తి చేసేవాడు. మరొకరు ఐక్ ఎవర్లీ. ఆయనా గనికార్మికుడే. వీరిలో ఎవరూ సంగీత పాఠశాల మెట్లెక్కినవారు కారు. పని ముగించుకొని, ఒంటి మసి కడుక్కొని, వసారాలో కూర్చొని గిటారు వాయించుకొనేవారు. బాలుడైన మెర్ల్ వారి ఎదుట కూర్చొని వారి కుడిచేతి వేళ్లనే కన్నార్పకుండా చూసేవాడు. చూసింది ఇంటికి వెళ్లి సాధన చేసేవాడు.

ఇంతకూ ఆ వేళ్లలో ఉన్న ప్రత్యేకత ఏమిటి? గిటారుకు ఆరు తీగలుంటాయి. చాలామంది చిన్న బిళ్లతో తీగలన్నిటినీ కలిపి మీటి, పాటకు తోడుగా లయను అందిస్తారు. లేదా ఒక్కొక్క తీగనే మీటి పాట వరస పలికిస్తారు. రెండూ ఒకేసారి వినిపించాలంటే ఇద్దరు కావాలి. మ్యూలెన్‌బర్గ్ కార్మికులు ఆ ఇద్దరి పనినీ ఒకే చేతికి అప్పగించారు. బొటనవేలు లావుపాటి మంద్ర తీగలను ఒకదాని తరువాత ఒకటిగా, నడక తప్పకుండా మీటుతుంది. అరచేతి అంచు ఆ తీగలను కొద్దిగా అదిమి ఉంచడం వల్ల ఆ నాదం సాగకుండా మద్దెల దెబ్బలా పొడిగా వినిపిస్తుంది. ఆ దెబ్బల నడుమ చూపుడువేలు సన్నని తీగల మీద పాటను పలికిస్తుంది. కళ్లు మూసుకొని వింటే ఇద్దరు ముగ్గురు కలిసి వాయిస్తున్నట్లు తోస్తుంది.

మన వీణలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. వైణికులు చూపుడువేలు, నడిమివేళ్లతో రాగం పలికిస్తూ, పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెనవేలితో మీటుతారు. రాగాన్నీ తాళాన్నీ ఒకే మనిషి పలికించవచ్చునన్న ఆలోచన రెండుచోట్లా ఉంది. గిటారు మీద ఈ విద్యను సాధించడం తేలిక కాదు. చూపుడువేలు పాట వెంట ఎటు పరుగెత్తినా బొటనవేలు తన నడకను మార్చుకోకూడదు. ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని ఆ రెండు వేళ్లకూ ఆ స్వేచ్ఛ రాదు. మెర్ల్ ఆ సాధన చేశాడు. తన గురువులు నాటి పల్లెపాటలకే ఎక్కువగా వాడిన ఆ రీతిలో అతడు జాజ్ వరసలనూ, నాట్యగీతాలనూ పలికించడం నేర్చుకొన్నాడు.

అయితే ఈ విద్య రేగర్, ఎవర్లీలతో మొదలైంది కాదు. వారికి ముందు కెన్నెడీ జోన్స్ అనే వాద్యకారుడు ఉన్నాడు. బొటనవేలికి ఉంగరంలా తొడుక్కొనే మీటుబిళ్లను ఆ ప్రాంతంలో వాడుకలోకి తెచ్చినవాడుగా ఆయనను చెబుతారు. ఆయనకు ముందు ఆర్నాల్డ్ షుల్ట్జ్ ఉన్నాడు. షుల్ట్జ్ నల్లజాతికి చెందిన కూలి. 1886లో పుట్టి, గనుల్లోనూ మరెన్నో చోట్లా కూలిపనులు చేస్తూ, గిటారు, ఫిడేలు వాయిస్తూ పశ్చిమ కెంటకీ అంతటా తిరిగాడు. తెల్లవారూ నల్లవారూ వేరువేరుగా బ్రతికిన ఆ రోజుల్లో కూడా ఆయన వాద్యం వినడానికి తెల్లవారు నాట్యసభలకు పిలిచేవారు. బ్లూగ్రాస్ సంగీతానికి పితామహుడుగా పేరుపొందిన బిల్ మన్రో కూడా బాల్యంలో ఆయన వాద్యం విని నేర్చుకొన్నవాడే. కాని షుల్ట్జ్ 1931లో మరణించేనాటికి ఆయన వాద్యాన్ని ఒక్క రికార్డులోనైనా ఎవరూ నిలపలేదు. ఆయన ఎలా వాయించేవాడో నేడు వినడానికి మార్గం లేదు. ఆయనను విన్నవారి చేతుల ద్వారా మాత్రమే అది బ్రతికింది.

1929లో మొదలైన ఆర్థికమాంద్యం అమెరికాను అతలాకుతలం చేసింది. పని లేని యువకుల కోసం ప్రభుత్వం 1933లో అడవుల పెంపకం, నేల పరిరక్షణ పనుల పథకం ఒకటి ప్రారంభించింది. నెలకు 30 డాలర్ల జీతం. అందులో అధికభాగం ఇంటికి పంపవలసి ఉండేది. మెర్ల్ కొంతకాలం ఆ పనిలో చేరి, మిగిలిన కొద్ది డబ్బు కూడబెట్టుకొన్నాడు. దుకాణం అద్దాలలోంచి ఎంతోకాలంగా చూస్తూ వచ్చిన గిటారును ఆ డబ్బుతోనే కొనుక్కొన్నాడని చెబుతారు.

1936లో ఇండియానా రాష్ట్రంలోని ఇవాన్స్‌విల్ పట్టణంలో, స్థానిక రేడియో ప్రసారం చేస్తున్న ఒక కార్యక్రమంలో అతనికి గిటారు వాయించే అవకాశం దొరికింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. ఆ వాద్యం విన్న స్థానిక వాద్యబృందాలు అతణ్ణి పిలిచి పని ఇచ్చాయి. 1937లో ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు క్లేటన్ మెక్‌మిచెన్ తన బృందంలో చేర్చుకొన్నాడు. ఆ తరువాత ట్రావిస్ సిన్సినాటి నగరంలోని డబ్ల్యూ.ఎల్.డబ్ల్యూ. రేడియో కేంద్రంలో స్థిరపడ్డాడు. 1934 నుండి 1939 వరకు ఆ కేంద్రం 5 లక్షల వాట్ల శక్తితో ప్రసారాలు జరిపింది. వందల మైళ్ల దూరంలోని పల్లెలకు కూడా ఆ ప్రసారాలు చేరేవి.

అలా విన్నవారిలో జార్జియా రాష్ట్రంలోని ఒక బాలుడు ఉన్నాడు. అతని పేరు చెట్ అట్కిన్స్. ఉబ్బసవ్యాధితో బాధపడే ఆ బాలుడికి గిటారే ప్రాణం. రేడియోలో ట్రావిస్ వాద్యం విని అతడు ఆశ్చర్యపోయాడు. కాని రేడియోలో చేయి కనిపించదు కదా! ట్రావిస్ బొటనవేలు, చూపుడువేలు ఈ రెండింటితోనే అంతటి నాదాన్ని పుట్టిస్తున్నాడని అతనికి తెలియదు. మరికొన్ని వేళ్లు కూడా పనిచేస్తూ ఉంటాయని ఊహించుకొని బొటనవేలికి తోడు రెండు మూడు వేళ్లతో సాధన చేశాడు. దానివల్ల అతనికి తనదైన ఒక కొత్త రీతి అబ్బింది. కాలక్రమంలో అట్కిన్స్ ప్రపంచప్రసిద్ధుడైన గిటారు విద్వాంసుడయ్యాడు. తన కుమార్తెకు మెర్ల్ అని పేరు పెట్టుకొన్నాడు. అంధుడైన గాయకుడు డాక్ వాట్సన్ కూడా తన కుమారుని పేరులో మెర్ల్ అనే మాటను చేర్చాడు. చూసి నేర్చుకొన్నవానికి గురువు చేయి అబ్బితే, వినిమాత్రమే నేర్చుకొన్నవానికి కొత్త దారి దొరికింది.

1944లో ట్రావిస్ పడమటి తీరాన ఉన్న లాస్ ఏంజిలెస్ నగరానికి వెళ్లాడు. 1946లో కాపిటల్ రికార్డుల కంపెనీ ఆయన పాటలు రికార్డు చేయడం ప్రారంభించింది. 1946, 1947 సంవత్సరాల్లో ఆయన పాడిన సరదా పాటలు రెండు కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరాయి. కంట్రీ సంగీతమంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో పుట్టి పెరిగిన సంగీతం. ట్రావిస్ పాటలు రాసేవాడు, పాడేవాడు, వాయించేవాడు. తీరిక దొరికితే వ్యంగ్యచిత్రాలు గీసేవాడు, పాడైన గడియారాలు బాగుచేసేవాడు.

ఆ రోజుల్లో జానపదగీతాలకు గిరాకీ పెరిగింది. కంపెనీవారు ట్రావిస్‌ను తన ప్రాంతపు జానపదగీతాలు పాడమని కోరారు. తనకు తెలిసిన పాతపాటలన్నీ ఇతరులు ముందే పాడేశారని ఆయన బదులిచ్చాడు. అయితే కొత్తవి రాయమన్నారు. అప్పుడాయన మనసు సముద్రతీరపు మహానగరాన్ని విడిచి ఎబనీజర్‌కు మళ్లింది. తండ్రి మాటలు, అన్నల మాటలు, మసి అంటిన ముఖాలు గుర్తుకువచ్చాయి. గనిలోని చీకటిని గురించిన ‘డార్క్ యాజ్ ఎ డంజన్’ అనే పాటను ఒక రాత్రి రెడాండో బీచ్ పట్టణంలో వీధిదీపం వెలుగులో రాశానని ఆయనే చెప్పుకొన్నాడు. ‘సిక్స్‌టీన్ టన్స్’ అనే మరో పాట కంపెనీ దుకాణపు అప్పును గురించినది. పదహారు టన్నుల బొగ్గు ఎత్తిపోసిన కార్మికుడికి వయసు మీద పడటం, అప్పు పెరగడం తప్ప మిగిలేదేమీ లేదన్నది దాని సారాంశం. ఒక్క గిటారు తోడుగా, పాటకు ముందు నాలుగు మాటలు చెబుతూ ఆయన పాడిన ఎనిమిది పాటలు 1947లో ‘ఫోక్ సాంగ్స్ ఆఫ్ ది హిల్స్’ అనే పేరుతో వెలువడ్డాయి.

ఆ రికార్డులు ఎక్కువగా అమ్ముడుపోలేదు. గనికార్మికుల కష్టం వినడానికి అప్పటి శ్రోతలు సిద్ధంగా లేరు కాబోలు. ట్రావిస్ నిరుత్సాహపడి కూర్చోలేదు. 1948లో పాల్ బిగ్స్‌బీ అనే నిపుణుడైన పనివానికి తనకు కావలసిన గిటారు రూపాన్ని కాగితం మీద గీసి ఇచ్చాడు. అప్పటి గిటార్ల వలె బోలుగా కాక గట్టి చెక్కతో, శ్రుతిమరలు ఆరూ ఒకే వైపున ఉండేటట్లు బిగ్స్‌బీ దానిని తయారుచేశాడు. విద్యుత్ గిటార్ల చరిత్రలో అది ముఖ్యమైన మెట్టు. ఆ తరువాతి సంవత్సరాల్లో వచ్చిన ప్రసిద్ధమైన ఫెండర్ గిటార్లలోనూ మరలు ఒకే వైపున ఉండటం కనిపిస్తుంది. 1953లో వచ్చిన ‘ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ’ అనే ప్రఖ్యాత చలనచిత్రంలో ట్రావిస్ గిటారు వాయిస్తూ పాడే సైనికుడుగా కనిపించాడు.

1955లో టెనెసీ ఎర్నీ ఫోర్డ్ అనే గాయకుడు ‘సిక్స్‌టీన్ టన్స్’ పాటను తన గంభీరమైన గొంతుతో, చిటికెల తాళంతో పాడాడు. ఎనిమిదేళ్లు ఎవరి చెవికీ ఎక్కని పాట ఒక్కసారిగా దేశమంతటా మోగింది. నెల తిరగకముందే పది లక్షల రికార్డులు అమ్ముడుపోయాయి. ఏనాడూ గనిలోకి తొంగిచూడని నగరవాసుల నోట కూడా కంపెనీ దుకాణపు అప్పు మాట వినిపించింది. జీతం చాలని ప్రతి ఉద్యోగీ, బాకీ తీరని ప్రతి రైతూ అందులో తన కథను చూసుకొన్నారు. తరువాత అనేక దేశాల్లో అనేక భాషల్లో ఆ పాట పాడారు. 1956లో ఎబనీజర్‌లో స్వగ్రామస్థులు ట్రావిస్ పేరిట స్మారకశిల నెలకొల్పారు.

కీర్తి వచ్చినంత మాత్రాన బ్రతుకు సుఖమయం కాదు. వేలమందిని అలరించిన ట్రావిస్‌కు వేదిక ఎక్కాలంటే బెరుకు. ఆ బెరుకును పోగొట్టుకోవడానికి మద్యాన్నీ, మందులనూ ఆశ్రయించాడు. అవి భయాన్ని పోగొట్టలేదు సరికదా, ఆరోగ్యాన్నీ, కుటుంబజీవితాన్నీ దెబ్బతీశాయి. ఎన్నో ఏళ్లు ఆయన ప్రతిభకు తగిన పని జరగలేదు. వేళ్ల మీద అంత అదుపు సాధించిన మనిషి తన అలవాట్ల మీద అదుపు సాధించలేకపోవడం ఆయన జీవితంలోని విషాదం.

అటువంటి సమయంలో ఆయన ఒకనాడు రేడియో ద్వారా పంచిన విద్యే ఆయనకు ఆసరా అయింది. అప్పటికి పెద్ద సంగీత నిర్వాహకుడైన చెట్ అట్కిన్స్ తన గురుతుల్యునితో కలిసి వాయించాడు. 1974లో వెలువడిన ఆ ఇద్దరి రికార్డుకు గ్రామీ పురస్కారం లభించింది. 1977లో ట్రావిస్ కంట్రీ సంగీత కీర్తిమందిరంలో స్థానం పొందాడు. 1983 అక్టోబరు 20న ఓక్లహోమా రాష్ట్రంలోని తాలెక్వాలో గుండెపోటుతో మరణించాడు. ఆయన చితాభస్మాన్ని కెంటకీలో, తన పేరిట వెలసిన స్మారకశిల చుట్టూ చల్లారు. గనుల పల్లె నుండి బయలుదేరిన మనిషి చివరకు ఆ మట్టిలోనే కలిశాడు.

నేడు గిటారు నేర్చుకొనేవారు ప్రపంచంలో ఎక్కడున్నా, బొటనవేలితో లయను, ఇతర వేళ్లతో పాటను పలికించే పద్ధతిని ‘ట్రావిస్ పికింగ్’ అనే పేరుతో అభ్యసిస్తారు. ఆ పేరు లోకం పెట్టింది. ట్రావిస్ మాత్రం ఆ విద్య తాను సృష్టించానని చెప్పుకోలేదు. ఎంత పేరు వచ్చినా తనకు నేర్పింది మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీలేనని చెబుతూ వచ్చాడు. ఎవర్లీ కుమారులు డాన్, ఫిల్ తరువాత ప్రసిద్ధ గాయకులయ్యారు గనుక ఆయన పేరు కొంత నిలిచింది. జీవితంలో ఎక్కువ భాగం సొంత ప్రాంతంలోనే గడిపిన రేగర్ పేరు దూరదేశాలకు తెలియడానికి ట్రావిస్ కృతజ్ఞతే కారణం. ఆ పేర్ల జాడ పట్టుకొని వెనక్కు వెళ్లినవారికి కెన్నెడీ జోన్స్ కనిపించాడు. ఆయన వెనుక, ఒక్క రికార్డూ లేని ఆర్నాల్డ్ షుల్ట్జ్ కనిపించాడు.

నేర్చుకొన్న విద్యను పెంచి ఇతరులకు పంచినవాడు ఆ విద్యను బ్రతికిస్తాడు. అది ఎవరి వద్ద నేర్చుకొన్నాడో చెప్పినవాడు ఆ మనుషులను కూడా బ్రతికిస్తాడు. మెర్ల్ ట్రావిస్ ఈ రెండు పనులూ చేశాడు.

అభ్యాసం

1. కంపెనీ దుకాణం వల్ల గనికార్మికులు ఎలాంటి ఇబ్బందులు పడేవారు?
2. మ్యూలెన్‌బర్గ్ గిటారు వాద్యరీతిలోని ప్రత్యేకత ఏమిటి? దానికీ వీణావాదనకూ గల పోలికను మీ సొంతమాటల్లో రాయండి.
3. ట్రావిస్ చేతిని చూడకపోవడం చెట్ అట్కిన్స్‌కు ఏ విధంగా మేలు చేసింది?
4. 1947లో ఆదరణ పొందని పాట 1955లో అందరినీ ఆకట్టుకోవడానికి కారణాలు ఏమై ఉండవచ్చు? చర్చించండి.
5. ఆర్నాల్డ్ షుల్ట్జ్ వాద్యాన్ని నేడు మనం ఎందుకు వినలేము?
6. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని పుస్తకం లేకుండా నేర్చుకొన్న పాటనో, పనినో తెలిసిన పెద్దలను కలుసుకోండి. వారు దానిని ఎవరి వద్ద నేర్చుకొన్నారో అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.